అరవై నాలుగు కిలోల తలాల్

ఆగస్టు 9, 1990. గురువారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. ఈ డైరీ జనవరిలో ఇంజనాయిల్ అమ్మేవాడు ఊరికే ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఇందులో టైర్ల గాలి తప్ప ఇంకో మాట రాసిన పాపాన పోలేదు. యాభై ఎనిమిదేళ్ళ మెకానిక్‌కి అంతకంటే దాచుకోవలసిన రహస్యాలు ఏముంటాయి? ఇవాళ కూడా ముందు ముప్పై నాలుగు, వెనక ముప్పై ఎనిమిది అని రాసి మూసేయబోయాను. చెయ్యి రాలేదు. ఇరాకీ టాంకులు కువైట్‌లోకి వచ్చి వారమైంది. అది కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. రాశాను. ఇక పని.

పని అంటే తలాల్ బండి. తలాల్ మా కఫీల్ కొడుకు, అంటే వీసా ఇచ్చిన కువైటీ యజమాని కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు. జూలైలో ఇంటిల్లిపాదీ లండన్‌కి పోతూ తన ఎర్ర హాచ్‌బ్యాక్‌ని నాకు అప్పగించాడు. చూడ్డానికి చిన్నదే గాని మిరపకాయ. అక్టోబరు 12న ఆటోక్రాస్ పోటీ. ఖాళీ పార్కింగులో ప్లాస్టిక్ కోన్లు పెడతారు, ఒక్కో బండినీ ఒంటరిగా వాటి మధ్య తిప్పించి గడియారం చూస్తారు. కోను తగిలితే రెండు సెకన్ల జరిమానా. ఎవడూ చావడు, ఎవడూ ఎక్కడికీ చేరడు. బయల్దేరిన చోటికే వస్తాడు. నా జీవితం లాంటి ఆట.

క్లబ్బువాళ్ళు పన్నెండు పేజీల రూలు పుస్తకం ఇచ్చారు. మాది వీధి బండ్ల క్లాసు. ఇంజను ముట్టుకోకూడదు, టైరు వెడల్పు మార్చకూడదు, సీట్లన్నీ బిగించి ఉండాలి. షాకబ్జర్లు, బ్రేకు ప్యాడ్లు, గాలి, చక్రాల చూపు మాత్రం మన ఇష్టం. ఎయిర్‌పోర్టుకి పోతూ తలాల్ ఒకటే మాట అన్నాడు: "ఉస్తాద్, ఏం చేసినా క్లాసు దాటొద్దు." ఆ విషయంలో నన్ను నమ్మవచ్చు. రాయచోటిలో నేను మూడో క్లాసు కూడా దాటలేదు.

నా భార్య ఆసియా ఫోన్ చేసింది. రేపు శుక్రవారం, వస్తావా అంది. ముందు చక్రాల చూపు కుదరలేదు, కుదిరాక వస్తానన్నాను.


ఆగస్టు 10

కుదరలేదు.


ఆగస్టు 13

చక్రాల చూపు గురించి రాసుకోవాలి, మర్చిపోతాను. పెద్ద షెడ్లలో దీనికి మిషన్లు ఉంటాయి. అర్దియాలో మా షెడ్డుకు దారం ఉంది. బండికి రెండు పక్కలా జాకీ స్టాండ్ల మీద దారం బిగించి, చక్రం ముందంచుకూ దారానికీ ఎంత, వెనకంచుకూ దారానికీ ఎంత అని స్కేలు పెట్టి కొలవడమే. కడపలో లారీల షెడ్డులో మా ఉస్తాద్ నేర్పాడు. ఆయనకు ఒక కన్ను లేదు. అందుకే దారాన్ని అంత నమ్మేవాడు.

ఒక తిరకాసు ఉంది. కొలిచేటప్పుడు డ్రైవరు సీట్లో డ్రైవరు బరువు ఉండాలి. లేకపోతే వాడు కూర్చోగానే లెక్కంతా తప్పుతుంది. తలాల్ బరువు అరవై నాలుగు కిలోలు. తలాల్ లండన్‌లో ఉన్నాడు. అందుకని జూలైలోనే బియ్యంతో తలాల్‌ని చేశాను. నలభై కిలోల బాస్మతి మూట నడుము, దానిమీద ఇరవై కిలోల మూట గుండె, నాలుగు కిలోల కందిపప్పు సంచి తల. సీటు బెల్టు పెట్టాను. ఖలందర్ ఊరుకోక పప్పు సంచికి తలాల్ హెల్మెట్ తొడిగాడు. వీడూ మా రాయచోటివాడే, ఇరవై ఏళ్ళుగా నా పక్కనే పని చేస్తూ నన్ను ఒక్కరోజు కూడా మెచ్చుకోనివాడు.

"భాయ్, మనిషి కంటే మూటే బాగుంది. నోరు మెదపదు," అన్నాడు.


ఆగస్టు 14

ఆసియా ఆరేళ్ళుగా కఫీల్ ఇంట్లో, రుమైథియాలో, వంట చేస్తోంది. నేను షెడ్డు మీద గదిలో. శుక్రవారం శుక్రవారం కలుస్తాం. చుట్టపు చూపు కాపురం. ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే: ఆసియా, తలాల్ నాయనమ్మ. ఇక్కడ యజమానురాలిని మామా అంటారు, అందుకని ఆమెను ఆసియా పెద్ద మామా అంటుంది. లండన్‌లో ఎండ ఉండదని పోలేదట. ఇప్పుడు ఎండ కావలసినంత ఉంది.

ఫోన్‌లో ఈ రోజు:

"ఏం మేస్త్రీ, యాడుండావు?"

"షెడ్డులో. ఇంకేడుంటా."

"మనోళ్ళు బస్సుల్లో బస్రా మీద అమ్మాన్‌కి పోతాండారంట. ఆణ్ణించి బొంబాయికి విమానాలంట."

"విన్నా. పోదాం. నువ్వు వచ్చేయ్."

"నేనెట్ల వస్తా? ముసలామెని ఒగ్గేసి వస్తానా? ఆమె తమ్ముడు మీ షెడ్డు ఎనక ఈదిలోనే ఉండాడు గదా, ఆ ఇంటికి చేర్చు. అప్పుడు నీ ఎంబడి యాడికంటే ఆడికి వస్తా."

"ఆ తమ్ముడే వచ్చి తీసకపోవచ్చు గదా."

"ఆయన బండ్లు రెండూ పట్టకపొయినారు. గడప దాటితే కువైటీ మొగోళ్ళను పట్టుకుంటాండారు. నువ్వు హిందీవి, ఇండియావోడివి, నిన్నెవుడు పట్టుకుంటాడు?"

నిజమే. నన్నెవరూ పట్టుకోరు. మరి ఎందుకు కదలనో, అదే నాకు అర్థం కానిది. అయినా బ్రేకు ప్యాడ్లు కొత్తవి, ఇంకా కుదురుకోలేదు అన్నాను.

"పెండ్లి నాడు కూడా ఇట్లనే లారీ కింద దూరినావు. నిఖాకి ఖాజీ సాబ్ రెండు గంటలు కూచున్నాడు," అని పెట్టేసింది.

గంటన్నరే.


ఆగస్టు 17, శుక్రవారం

షెడ్డు పికప్‌లో రుమైథియా బయల్దేరాను. వెనక టైరులో గాలి తక్కువనిపించి తిరిగి వచ్చాను.


ఆగస్టు 21

ఈ రోజు తలాల్‌ని కాల్చబోయారు.

పదకొండింటికి ఐదుగురు సైనికులు బండ్ల కోసం వచ్చారు. పికప్‌నీ, రిపేరుకొచ్చిన రెండు బండ్లనూ తోలుకుపోయారు. నాలుగోది మా ఎర్రది. ముందు చక్రాలు రెండూ తీసి స్టాండ్ల మీద ఉంది, చుట్టూ దారాలు. డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ ముందే తీసి నా పాన్ డబ్బాలో సున్నం పక్కన పెట్టాను. అది లేకుండా ఎవడి తాతా స్టార్ట్ చెయ్యలేడు.

షెడ్డు లోపల చీకటిగా ఉంటుంది. వాళ్ళలో చిన్నవాడు అద్దంలోంచి హెల్మెట్ చూశాడు. తుపాకీ ఎత్తి, దిగు, చేతులు పైకెత్తు అని అరిచాడు. తలాల్ దిగలేదు. మళ్ళీ అరిచాడు. తలాల్ అసలే పెద్దింటి బిడ్డ, మాట వినే అలవాటు లేదు. అయ్యా అది బియ్యం, రుజ్, రుజ్ అని నేను అరిచాననుకుంటున్నాను. ఖలందర్ చెప్పేదాని ప్రకారం నా నోట్లోంచి ఏ మాటా రాలేదట. వాడే అరిచాడట.

తలుపు తీసి చూసి చాలాసేపు నవ్వారు. మేమూ నవ్వాం. అంత బాగా ఎప్పుడూ నవ్వలేదు. తర్వాత హెల్మెట్, తల, గుండె తీసుకుపోయారు. నడుము మిగిలింది.

సాయంత్రం లోపు తలాల్‌కి కొత్త గుండె పెట్టాను. పాత బ్రేకు డ్రమ్ములు, ఒక గేర్‌బాక్సు కవరు, స్ప్రింగు కాటాతో తూచి సరిగ్గా ఇరవై నాలుగు కిలోలు. రూలు రూలే.


ఆగస్టు 30

మేస్త్రీకి గుండె లేదు, బండికి ఉంది అని ఆసియా అంటోంది. నేనేమో గుండె కథంతా నవ్వించడానికి చెప్పాను.


సెప్టెంబరు 4

అంగళ్ళలో బియ్యం లేదు. షెడ్డులో ఐదుగురం ఉండేవాళ్ళం, ముగ్గురు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఖలందర్, నేను మిగిలాం. ఖమీరు రొట్టె కోసం వాడు మూడు గంటలు నిలబడి వట్టి చేతులతో వచ్చాడు. వచ్చి తలాల్ ముందు కూర్చున్నాడు.

"భాయ్, మనిద్దరం పస్తులుంటాంటే ఈయప్ప బెల్టు పెట్టుకోని బియ్యం మూట మాదిరి కూచున్నాడు."

"బియ్యం మూటే కద రా."

"అదే నేను చెప్తాండేది."

ఒప్పుకున్నాను. షరతు ఒకటే. ఎంత తీస్తే అంత ఇనుము తూచి వెయ్యాలి. ఖలందర్ నావైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయను. కిలో బియ్యం తీసి, కిలో నట్లు పోశాను. అన్నం చాలా రోజుల తర్వాత అన్నంలాగే ఉంది.


సెప్టెంబరు 5

తలాల్: ముప్పై తొమ్మిది బియ్యం, ఇరవై ఐదు ఇనుము.


సెప్టెంబరు 14, శుక్రవారం

విజయభాస్కర్ గారు వచ్చారు. విజయవాడ ఇంజనీరు. షుఐబాలో పెద్ద ఉద్యోగం, ఇప్పుడు బస్సులకు పేర్లు రాసే పని నెత్తినేసుకున్నారు. భార్యనీ బిడ్డనీ ముందే పంపి తాను ఉండిపోయారు. అలాంటివాళ్ళ ఎదుట నాకు కూర్చోబుద్ధి కాదు.

"బాషా గారూ, మీ పేర్లు మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశానండి. అసలు మీకు అడ్డమేంటండీ?"

బండి తయారు కాలేదన్నాను. ఆయన బండి చుట్టూ తిరిగి చూశారు. నిజంగా చదువుకున్నవాడు గనుక దారాలు చూసి మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళలో ఖలందర్ అనని మాట అది. నేను పొంగిపోయి టైరు భుజం మీద సుద్దగీతలు ఎందుకో గంటసేపు చెప్పాను. మలుపులో టైరు ఎంతవరకు ఒరిగిందో, సుద్ద అంతవరకు చెరిగిపోతుంది. దాన్నిబట్టి గాలి పెంచాలా తగ్గించాలా తెలుస్తుంది. ఆయన అంతా విని, "అయితే బండి కదిలితేగానీ సుద్ద చెరగదన్నమాట," అన్నారు.

ఔనన్నాను. పోయాక గాని ఆయనేమన్నారో తెలియలేదు.

ఖలందర్‌కి వచ్చే బస్సులో సీటు దొరికింది. వెళ్ళేముందు వెనక సీటు పీకేయమన్నాడు. "సామాన్లు పడతాయి, నీళ్ళ క్యాన్లు పడతాయి, ఎవుడడగొచ్చినాడు నీ క్లాసు?" అన్నాడు. సీట్ల రూలున్న పదో పేజీ చూపించాను. పుస్తకం నా చేతిలో నుంచి లాక్కుని, చూసి, తిరిగి ఇచ్చాడు. వాడికి ఇంగ్లీషు రాదు. నాకూ రాదనుకోండి, పానాల డబ్బాల మీద చదివి నేర్చుకున్నదే.


సెప్టెంబరు 19

ఖలందర్ పోయాడు. బస్సు కదిలాక కిటికీలోంచి, "భాయ్, బండిని కాదు, వదినని తీసకరా!" అని అరిచాడు. బస్సంతా నవ్వింది.

దారికని వాడికి పది కిలోలు కట్టి ఇచ్చాను. తలాల్: పన్నెండు బియ్యం, యాభై రెండు ఇనుము.


సెప్టెంబరు 28, శుక్రవారం

ఆగస్టు 17న గాలి తక్కువ కాలేదు.

మొదటి చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద ఆయిల్ డ్రమ్ములు అడ్డదిడ్డంగా పెట్టారు. అచ్చం కోన్ల మాదిరే. వాటి మధ్య మెల్లగా తిప్పుకుంటూ పోవాలి, అవతల ఒకడు తుపాకీ పట్టుకుని చూస్తుంటాడు. నా ముందు నాలుగు బండ్లు ఉన్నాయి. వాటిని ఎవరూ ఏమీ అనలేదు, చెయ్యి ఊపి పంపేశారు. స్టీరింగు దానంతట అదే తిరిగింది అని రాయబోయాను. స్టీరింగులు వాటంతటవి తిరగవు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట కస్టమర్లకు చెప్పి తిట్టినవాణ్ణి.

ఆసియాకు చెప్పలేదు. ఆమెకు తెలుసు.


అక్టోబరు 3

ఇవాళ ఆసియా ఎగతాళి చెయ్యలేదు. అందుకే భయమేసింది.

"పక్కింట్లో సైనికులు దిగినారు. ఈ ఇల్లు గూడా కావాలంట. పదో తేదీ లోపల ఖాళీ చెయ్యమన్నారు."

"పెద్ద మామా ఏమంటాంది?"

"కుర్చీ ఏసుకోని వాకిట్లో కూచుంది. ఖలాస్, నేను లేవను అంటాంది. మేస్త్రీ, నీకు భయమైతే భయమని చెప్పు. నేను నడిచి వస్తా. ఆమె నడవలేదు, అంతే."

ముందు చక్రాల చూపు కుదిరింది అన్నాను.


అక్టోబరు 7

విజయభాస్కర్ గారు మా పేర్లు నాలుగోసారి రాశారు. పన్నెండో తేదీ, పది గంటలకు. ఆయనా అదే బస్సులో వస్తున్నారు, దాని తర్వాత బస్సు ఉందో లేదో ఆయనకే తెలియదట. "ఈసారి కొట్టేయడానికి నేనుండనండి," అన్నారు.


అక్టోబరు 10, బుధవారం

నిన్నటి సంగతి. వరసగా రాస్తాను, ఎందుకంటే రేపటికే దీన్ని పెంచి చెప్పడం మొదలుపెడతాను.

పొద్దున ఏడింటికి చక్రాలు బిగించాను. పాన్ డబ్బాలోంచి రోటర్ తీసి తుడిచి పెట్టాను. సున్నం ఘాటు. తలాల్‌ని ముక్కలుగా దింపాను. చివరికి రెండు కిలోల బియ్యం, అరవై రెండు కిలోల ఇనుము. ఇక డ్రైవర్ని నేనే. షెడ్డు వెనక పాత తూకం మిషన్ ఎక్కితే అరవై మూడు. జూలైలో డెబ్భై ఒకటి. ఒక కిలో తక్కువ. పెద్ద పానా ఒకటి ఒడిలో పెట్టుకున్నాను. అరవై నాలుగు కావాలి, అందుకని పెట్టుకున్నాను.

డ్రమ్ముల దగ్గర రెండో గేరు, నడక వేగం. ఒకటి, రెండు, ఏడు. ఒక్కటీ తగల్లేదు. చెయ్యి ఊపి పంపేశారు. ఆగస్టు 17న కూడా ఇంతే అయ్యేది.

రుమైథియాలో పెద్ద మామా వాకిట్లో కుర్చీలో ఉంది. తొంభై కిలోలకు తక్కువుండదు. "బాషా, రెండు నెలలు పట్టిందా నీకు?" అంది. దారిలో రద్దీ అన్నాను. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

ఆసియా బయటికి వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఇంత చిక్కినావేంది?" అని ఒక్క మాట. తర్వాత బండిని చూసింది. "రెండే తలుపులా?"

పెద్ద మామా ముందు సీట్లో కూర్చుంది, మనవడి బండిలో వెనక కూర్చోనంది. ఆసియా రెండు మూటలతో వెనక సీట్లోకి దూరింది. పదో పేజీ సీటు. ఖలందర్ మాట విని ఉంటే ఆమె బోల్టుల మీద కూర్చునేది. ఇందులో నా ముందుచూపు ఏమీ లేదు, వట్టి మొండితనం. ఖలందర్ ఇది చదివితే అని రాసి పెడుతున్నాను.

తిరిగి వస్తుంటే అదే చెక్‌పోస్టులో ఆపారు. ఈసారి ఉన్నవాడు నలభై ఏళ్ళ మనిషి, గోళ్ళలో నల్ల గ్రీజు. చూడగానే తెలిసింది, వీడు మనవాడే, మెకానిక్. బానెట్ ఎత్తమన్నాడు. డిక్కీ తీయమన్నాడు. సీట్లు ఊపి చూశాడు. పోటీకి ముందు క్లబ్బువాళ్ళు కూడా సరిగ్గా ఇదే వరసలో చూస్తారు. ఒడిలో పానా చూసి తీసుకున్నాడు. ఒక కిలో పోయింది. తర్వాత వెనక టైరు దగ్గర కూర్చుని, సుద్దగీతలు వేలితో తడిమి, ఇదేమిటన్నాడు. ఉన్న అరబ్బీ అంతా పెట్టి చెప్పాను. పోటీ, కోన్లు, గడియారం. వాడికి అర్థమైంది. తలూపాడు. గోటితో వాల్వు నొక్కి చూశాడు.

"గాలి ఎక్కువ పెట్టావు," అన్నాడు, ఇంకా వదులుతూనే.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు పూర్తిగా గుర్తులేదు, ఆసియా చెప్పిందే రాస్తున్నాను. నేను బండి దిగానట. తుపాకీ ఉన్నవాడి చెయ్యి పట్టుకుని టైరు మీద నుంచి లాగానట. ముందు చక్రాలు లాగే బండికి తోక తేలిగ్గా తిరగాలంటే వెనక గాలి ఎక్కువే ఉండాలి, పైగా మనుషులెక్కినప్పుడు గాలి తీసే గాడిద ఎవడని తెలుగులో అడిగానట. వాడు కూడా లేచి నిలబడి వాదించాడట. వెనక సీట్లోంచి ఆసియా, "ఓ మేస్త్రీ, ఎక్కు! నీ గాలి పాడుగాను, ఎక్కు!" అని ముందు సీటును తంతోందట. మధ్యలో పెద్ద మామా అద్దం దించి, "మీ ఇద్దరికీ తల్లులు లేరా? ఎండలో ముసలిదాన్ని కూర్చోబెట్టారు. యల్లా, పదండి!" అని గద్దించింది.

వాడు వాల్వు మూత పెట్టాడు. చేతులు తుడుచుకుని, డ్రమ్ముల వైపు చూపించి, మెల్లగా పో, తోక ఊగుతుంది అన్నాడు.

ఊగింది. వెనక ఇరవై ఆరుకి దించేశాడు దరిద్రుడు. అయినా డ్రమ్ము తగల్లేదు.

రెండు నెలలుగా దేనికి వణికానో, ఆ తుపాకీ ఏ చేతిలో ఉందో కూడా చూసుకోలేదు. ధైర్యం అనడానికి వీల్లేదు. గాలి తీశాడన్న కోపం. అది కాకుండా నాలో ఏమన్నా ఉందేమోనని ఇవాళంతా వెతికాను. దొరికితే రాస్తాను.

పెద్ద మామాను తమ్ముడి వాకిట్లో దించాం. ఆయన ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, కుర్చీ అడిగింది.


అక్టోబరు 11

ఆసియా షెడ్డు ఊడ్చింది. సీట్లోంచి దింపిన నట్లు, బ్రేకు డ్రమ్ములు కుప్పగా చూసి ఇదేందని అడిగింది. తలాల్ అన్నాను. దాని మీద కూడా చీపురు ఆడించింది.


అక్టోబరు 12, శుక్రవారం

పోటీ రోజు. పొద్దున బండిని పెద్ద మామా తమ్ముడి గ్యారేజీలోకి తోలాను. గాలి మళ్ళీ ముందు ముప్పై నాలుగు, వెనక ముప్పై ఎనిమిది పెట్టాను. తర్వాత చక్రాలు నాలుగూ తీసి ఆమె మంచం కిందికి దొర్లించి, బండిని ఇటుకల మీద ఉంచాను. రోటర్ ఆమె చేతికిచ్చాను. మందుల డబ్బాలో వేసుకుంది. రూలు పుస్తకం డ్రైవరు సీట్లో పెట్టి బెల్టు పెట్టాను.

బస్సు పదింటికి. మిగిలిన రెండు కిలోల బియ్యంలో ఆసియా కొంచెం వండి, తక్కినది ఆ ఇంట్లో ఇచ్చింది. అన్నం గ్రీజు వాసన వచ్చింది. పెద్ద మామాతో కలిసి ముగ్గురం తిన్నాం.